ఎముక పాఠం ఆస్టియోసైట్‌తో మొదలవ్వాలి

ఎముక కణాల గురించి ఏ పుస్తకం తిరగేసినా వరస ఒకటే: ఆస్టియోబ్లాస్ట్ ఎముకను కడుతుంది, ఆస్టియోక్లాస్ట్ కరిగిస్తుంది, ఆస్టియోసైట్ నిర్వహిస్తుంది. మొదటి రెండింటికీ చెరో పేజీ ఇస్తారు, బొమ్మలు వేస్తారు. మూడోదాని దగ్గరకు వచ్చేసరికి "పరిణతి చెందిన కణం, గుంతలో ఉంటుంది" అని ఒకటిన్నర వాక్యంతో సరిపెట్టేస్తారు. ఈమధ్య విద్యార్థుల కోసం తయారుచేసిన అలాంటి పట్టికే మరొకటి చదివాక ఇది రాయాలనిపించింది. ఆ పట్టికలో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ దాన్నే నమ్ముకుని చదివినవాళ్ళకి ఎముక పనితీరు తలకిందులుగా బోధపడుతుంది.

పెద్దవాళ్ళ ఎముకలో ఉండే కణాల్లో నూటికి 90 నుంచి 95 ఆస్టియోసైట్లే. ఆస్టియోబ్లాస్టులు 4 నుంచి 6 శాతం, ఆస్టియోక్లాస్టులు ఒకటి రెండు శాతం. మనిషి అస్థిపంజరం మొత్తంలో సుమారు 4,200 కోట్ల ఆస్టియోసైట్లు ఉంటాయని 2015లో వేసిన ఒక లెక్క ఉంది. ఆయుష్షులోనూ అంతే తేడా. ఆస్టియోక్లాస్ట్ పని చేసేది వారాల లెక్కన, ఆస్టియోబ్లాస్ట్ నెలల లెక్కన. ఆస్టియోసైట్ దశాబ్దాలు బతకగలదు.

ఎక్కువమంది ఉన్నంత మాత్రాన పెత్తనం దానిదే అయిపోదు కదా అంటే, నిజమే. అందుకే సంఖ్యను పక్కన పెట్టి పని చూద్దాం. ఎక్కడ తవ్వాలి, ఎప్పుడు ఆపాలి, కొత్త ఎముక ఎక్కడ వెయ్యాలి అనే సంకేతాల్లో సింహభాగం ఆస్టియోసైట్లు ఉండే ఈ గుంతల్లోంచే వస్తుందని గత పాతికేళ్ళ పరిశోధన చెబుతోంది. నా వాదన ఇంతే: పాఠం అక్కడే మొదలవ్వాలి, మిగతా కణాలు దాని వెనక రావాలి.

స్లైడులో కనబడని కణం

ఆస్టియోసైట్ ఇంతకాలం వెనకబడటానికి పెద్ద కారణం ప్రయోగశాలలో ఉంది. ఎముకను స్లైడు మీదకి ఎక్కించడానికి రెండు దారులు. ఒకటి, ఫార్మలిన్‌లో నిలవచేసిన ముక్కలోంచి ఖనిజాన్ని లాగేసి, మెత్తబడ్డాక 5 మైక్రాన్ల మందాన కోయడం. కాల్షియాన్ని పట్టి లాగే ఈడీటీఏ అనే రసాయనపు 10 శాతం ద్రావణంలో వేస్తే ఇది వారాలు పడుతుంది. నైట్రిక్ ఆసిడ్‌తో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది కానీ, కాస్త ఎక్కువసేపు ఉంచితే కేంద్రకాలకు రంగు పట్టదు. అప్పుడు బతికున్న ఎముక కూడా చచ్చిన ఎముకలా కనబడుతుంది. రెండో దారి, ఎండిన ఎముకను రంపంతో పలుచగా కోసి, వెలుతురు దాటేంతవరకు అరగదీయడం.

మొదటి స్లైడులో ఎముక అంచున ఆస్టియోబ్లాస్టులు వరసగా, బొద్దుగా, నీలంగా కనబడతాయి. ఆస్టియోక్లాస్ట్ అయితే ఒక గుంటలో కూర్చున్న పెద్ద కణం, లోపల ఐదో పదో కేంద్రకాలు. ఎవరైనా గుర్తుపడతారు. ఆస్టియోసైట్ మాత్రం గులాబీ రంగు మధ్యలో ఒక నల్ల చుక్క. దాని కొమ్మలు గానీ, ఆ కొమ్మలు నడిచే సన్న కాలువలు గానీ మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగుల్లో కనబడవు.

రెండో స్లైడులో దీనికి పూర్తిగా విరుద్ధం. గుంతలూ కాలువలూ నల్లగా, సాలీళ్ళు బారులు తీరినట్టు అద్భుతంగా కనిపిస్తాయి. విద్యార్థులు రికార్డులో ఆ నల్లటి ఆకారాన్ని గీసి, గీత లాగి "ఆస్టియోసైట్" అని రాస్తారు. నిజానికి అక్కడ కణం లేదు. ఎండబెట్టి అరగదీసినప్పుడే అది పోయింది. నల్లగా కనబడేది ఖాళీ గుంతలో చేరిన గాలి, అరిగిన పొడి. అంటే ఒక స్లైడులో కణం ఉంటే కాలువలుండవు, మరోదాంట్లో కాలువలుంటే కణం ఉండదు. రెండూ కలిసి ఉన్న అసలు రూపాన్ని చూడకుండానే చాలామంది చదువు ముగించేస్తున్నారు. వెండి రంగు వేసిన స్లైడో, కొమ్మల్లోని యాక్టిన్ అనే పోగు ప్రోటీనును వెలిగించిన ఫ్లోరెసెంట్ ఫొటోనో ఒక్కటి పక్కన పెడితే ఈ లోటు అక్కడికక్కడే తీరుతుంది.

కణాలను పెంచడంలోనూ ఇదే ఇబ్బంది. ఎలుక పిల్లల పుర్రె ఎముక ముక్కల్ని ఎంజైములో నానబెడితే ఆస్టియోబ్లాస్టులు విడివడి, గిన్నెలో పెరిగి రెట్టింపవుతాయి. ఆస్టియోసైట్ విభజన చెందదు, పైగా గట్టి ఖనిజంలో ఇరుక్కుని ఉంటుంది. ప్రయోగాలకు బాగా వాడుకలోకి వచ్చిన ఎమ్మెల్వో-వై4 అనే ఆస్టియోసైట్ వంటి కణశ్రేణి 1997లో గానీ రాలేదు. అది కూడా అసలు ఆస్టియోసైట్ చేసే ముఖ్యమైన ప్రోటీను స్క్లెరోస్టిన్‌ను దాదాపు చెయ్యదు. దశాబ్దాల పాటు "ఎముక కణాల మీద పరిశోధన" పేరుతో జరిగింది చాలావరకు ఆస్టియోబ్లాస్టు మీద పరిశోధనే. పట్టికలోని వరస కణం ప్రాముఖ్యాన్ని బట్టి రాలేదు, చూడటానికీ పెంచటానికీ ఎంత వీలుగా ఉందన్నదాన్ని బట్టి వచ్చింది.

కరిగించే కణం, దానికి పిలుపు పంపేవాళ్ళు

ఆస్టియోక్లాస్ట్ ఎముక వంశానిది కాదు, రక్త వంశానిది. మోనోసైట్, మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు పుట్టిన మూలం నుంచే అది వస్తుంది. అలాంటి కణాలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఒక ఆస్టియోక్లాస్ట్ అవుతుంది. దాని పని చూడముచ్చటగా ఉంటుంది. ఎముక మీద ఆనుకుని, చుట్టూ యాక్టిన్ వలయంతో గాలి చొరబడనట్టు అతుక్కుంటుంది. ఆ వలయం మధ్యలో ఉన్న పొరను మడతలు మడతలుగా పెంచుతుంది. లోపల కార్బోనిక్ అన్‌హైడ్రేజ్-2 అనే ఎంజైము ప్రోటాన్లను (ఆమ్లాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లను) తయారుచేస్తుంది, ఒక పంపు వాటిని బయటకు తోస్తుంది, వెంటే క్లోరైడ్ వెళ్తుంది. కింద పీహెచ్ సుమారు 4.5కి పడిపోయి ఖనిజం కరుగుతుంది. ఖనిజం పోయాక మిగిలిన కొల్లాజెన్ అనే పోగు ప్రోటీనును కెథెప్సిన్-కె ఎంజైము ముక్కలు చేస్తుంది. ఎముక ఎంత కరుగుతోందో చెప్పే సీటీఎక్స్ అనే రక్తపరీక్షకు దొరికేవి ఆ ముక్కలే. ఆ పరీక్షకు పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వమనేది అందుకే: తిండి తింటే ఈ కరగడం తగ్గుతుంది, రాత్రికీ మధ్యాహ్నానికీ విలువ బాగా మారుతుంది. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం చేయించిన రెండు రిపోర్టుల్ని పోల్చి మందు పనిచేసిందో లేదో తేల్చడం తప్పు.

ఈ కణాన్ని దుష్టపాత్ర చేసి చెప్పడం నాకు మింగుడుపడదు. ప్రోటాన్ పంపు జన్యువు చెడిపోయి పుట్టిన పిల్లల్ని చూడండి. ఆస్టియోక్లాస్టులు ఉంటాయి, ఒక్కోసారి మామూలుకంటే ఎక్కువే ఉంటాయి, కానీ గుంట తవ్వలేవు. ఎముక రాయిలా చిక్కబడుతుంది, అయినా విరుగుతుంది. మూలుగకు చోటు లేక రక్తహీనత వస్తుంది. పుర్రెలో నరాలు వెళ్ళే రంధ్రాలు ఇరుకై చూపు పోతుంది. ఆస్టియోపెట్రోసిస్ అంటే ఇదే. రక్త వంశపు కణం కాబట్టి ఎముక మజ్జ మార్పిడితో చాలామందిలో దీన్ని నయం చేయవచ్చు. ఎలుకల్లో ఈ దారి చూపించింది 1970ల్లో డొనాల్డ్ వాకర్.

అయితే ఇదే జబ్బులో అరుదైన ఇంకో రకం ఉంది. అందులో పంపు బాగానే ఉంటుంది, ర్యాంక్‌ఎల్ అనే సంకేతపు ప్రోటీను ఉండదు. ఆ పిల్లల్లో ఆస్టియోక్లాస్టులే పుట్టవు. వాళ్ళకు మజ్జ మార్పిడి చేసినా లాభం లేదు. కొత్త మజ్జ నుంచి ఆస్టియోక్లాస్టు కాగల కణాలు వస్తాయి గానీ, వాటిని ఆస్టియోక్లాస్టుగా మారమని చెప్పే సంకేతం ఎముక వైపు నుంచి రావాలి. నా దృష్టిలో ఈ రెండు రకాల తేడా ఒక్కటి బాగా చెబితే సగం పాఠం అయిపోయినట్టే.

ఆ సంకేతం ఎముకలో ఎవరిది? చాలాకాలం ఆస్టియోబ్లాస్టుదే అనుకున్నారు. 2011లో ఒకేసారి వచ్చిన రెండు పరిశోధనలు ఎలుకల్లో ఆస్టియోసైట్ల నుంచి ర్యాంక్‌ఎల్ జన్యువును తీసేసి చూశాయి. పిల్లలు మామూలుగానే పుట్టాయి, పెరిగే కొద్దీ ఎముక చిక్కబడుతూ పోయింది. ఆ పద్ధతి కొన్ని ముదురు ఆస్టియోబ్లాస్టులను కూడా తాకుతుంది కదా అన్న విమర్శ న్యాయమైనదే. తర్వాత 2015లో మరింత కచ్చితమైన పద్ధతితో చేసినప్పుడు కూడా, నిత్యం పాతది తీసి కొత్తది వేసుకునే ఎముకలో ప్రధాన మూలం ఆస్టియోసైటే అని తేలింది. ఎదిగే వయసులో మృదులాస్థి కణాలు, కీళ్ళవాతంలో కీలు పొర కణాలు కూడా ర్యాంక్‌ఎల్ ఇస్తాయి. కాబట్టి "ఎప్పుడూ, అన్నిచోట్లా ఆస్టియోసైటే" అని నేను అనను.

కట్టే కణం చివరికి ఏమవుతుంది

ఆస్టియోబ్లాస్ట్ గురించి పుస్తకాల్లో సరిపడా ఉంది కాబట్టి కొంచెమే చెబుతాను. అది మొదట వేసేది ఖనిజం లేని మెత్తటి పొర, ఆస్టియాయిడ్. అందులో ఎక్కువ భాగం టైప్-1 కొల్లాజెన్. రోజుకు ఒక మైక్రాన్‌కు అటూ ఇటూగా మందం పెరుగుతుంది. ఆ పొర గట్టిపడటం మొదలవ్వడానికి పది పదిహేను రోజులు పడుతుంది. విటమిన్ డి చాలకపోతే ఇక్కడే పని ఆగిపోతుంది. కణం పొర వేస్తూనే ఉంటుంది, ఖనిజం ఎక్కదు, మెత్తటి పొర మందమవుతుంది. అప్పుడు రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. ఎదిగే పిల్లల్లో మాత్రం ఆ ఎంజైము సహజంగానే ఎక్కువ. పెద్దవాళ్ళ హద్దులతో పోల్చి పిల్లల రిపోర్టు చూసి కంగారుపడక్కర్లేదు.

పుస్తకాలు దాటేసేది ఆ తర్వాతి కథ. పని ముగిశాక ఆస్టియోబ్లాస్టుల్లో సగానికి పైగా అక్కడే చనిపోతాయి. కొన్ని చదునై ఎముక ఉపరితలాన్ని కప్పే లైనింగ్ కణాలవుతాయి. ఇవి నిద్రలో ఉన్నట్టున్నా పనికిరానివి కావు. ఆస్టియోక్లాస్ట్ తవ్వి వెళ్ళిపోయిన చోట మిగిలిన కొల్లాజెన్ పోగుల్ని శుభ్రం చేస్తాయి. రోజూ కొద్ది మోతాదులో పారాథైరాయిడ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే వీటిలో కొన్ని తిరిగి ఆస్టియోబ్లాస్టులవుతాయి. ఇక కొద్ది శాతం కణాలు తాము వేసిన పొరలోనే ఉండిపోతాయి. ఘనపరిమాణంలో చాలా భాగం పోగొట్టుకుని, బదులుగా పదుల కొద్దీ కొమ్మలు వేసి, పక్క కణాల కొమ్మలతో కొనలు కలుపుకుంటాయి. ఆస్టియోబ్లాస్ట్ ఒక దశ, ఆస్టియోసైట్ ఆ దశ చేరుకునే ఉద్యోగం. పట్టికలో రెండు వేర్వేరు గడుల్లో వేసినప్పుడు ఈ సంగతి మరుగున పడిపోతుంది.

బరువును పసిగట్టేది ఎవరు

వాడిన ఎముక గట్టిపడుతుందని, వాడనిది క్షీణిస్తుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. కానీ ఏ కణం కొలుస్తుందన్నది చాలాకాలం తేలలేదు. నడిచినప్పుడు, పరిగెత్తినప్పుడు ఎముక వంగేది 0.1 లేదా 0.2 శాతమే. గిన్నెలో పెంచిన కణాలను అంత స్వల్పంగా సాగదీస్తే అవి పట్టించుకోవు, ఒక శాతం పైనే కావాలి. ఈ పొంతన లేనితనానికి కాలువలే సమాధానం. ఎముక కొద్దిగా వంగినా, మైక్రాన్‌లో సగం కూడా లేని ఆ కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలిక కొమ్మల మీద రాపిడిని ఎన్నో రెట్లు పెంచుతుంది. 1994లో షెల్డన్ వైన్‌బామ్ బృందం లెక్కగట్టి చూపించింది ఇదే.

బరువు పడినప్పుడు ఆస్టియోసైట్ స్క్లెరోస్టిన్ తయారీని తగ్గిస్తుంది. స్క్లెరోస్టిన్ ఆస్టియోబ్లాస్టును ఆపే ప్రోటీను కాబట్టి, అది తగ్గిన చోటల్లా ఆస్టియోబ్లాస్టులు ఎముక వేస్తాయి. బరువు లేనప్పుడు స్క్లెరోస్టిన్ పెరుగుతుంది, కరగడం ఎక్కువవుతుంది. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల తుంటి ఎముక సాంద్రత నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున పడిపోవడం అందరికీ తెలిసిందే. 2007లో ఎలుకల్లో ఆస్టియోసైట్లను మాత్రమే చంపే ప్రయోగం చేశారు. ఎముక పెళుసెక్కింది. ఆపైన వెనక కాళ్ళకు బరువు తగలకుండా వేలాడదీస్తే, మామూలు ఎలుకల్లో జరిగినట్టు ఎముక తరగలేదు. బరువు పోయిందని గ్రహించేవాళ్ళే లేరు కదా మరి.

ఇందులో వ్యాయామానికి పనికొచ్చే సంగతి ఉంది. ఎలుకల్ని రోజుకు 5 సార్లు దూకిస్తేనే ఎముక బలపడింది, 100 సార్లకు పెంచినా ఆ నిష్పత్తిలో లాభం పెరగలేదు. 360 సార్లు పడాల్సిన బరువును ఒకేసారి కాకుండా 90 చొప్పున నాలుగు విడతలుగా ఇస్తే ఫలితం మెరుగైంది. కాసేపు బరువు పడ్డాక ఆస్టియోసైట్ స్పందించడం మానేస్తుంది, పూర్తిగా కోలుకోవడానికి గంటలు పడుతుంది. ఎముక కోసమే చేసేవాళ్ళకి గంటసేపు ఏకధాటి నడక కన్నా, మధ్యలో గంటల విరామంతో చిన్న విడతలుగా ఎగరడం, మెట్లెక్కడం వంటివి మేలనడానికి ఆధారం ఇదే. ఎలుకల లెక్కల్ని మనుషులకు యథాతథంగా అంటగట్టలేం. ఇప్పటికే ఎముక గుల్లబారిన వాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఎగరకూడదు.

నా వాదనకు అడ్డుపడేవి

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది చేపలు. మెడాకా అనే చిన్న చేప మొదలు చాలా చేప జాతుల ఎముకల్లో ఆస్టియోసైట్లే ఉండవు. అయినా అవి ఈదుతున్నాయి, ఎముకలు నిలబడుతున్నాయి. మార్లిన్ వంటి చేపల పొడవాటి ముక్కు ఎముకలో ఆస్టియోసైట్ ఒక్కటీ లేకుండానే పాత ఎముక పోయి కొత్తది వచ్చిన గుర్తులు కనబడ్డాయి. అంటే ఈ పనికి ఆస్టియోసైట్ తప్పనిసరి కాదు. దీన్ని తోసిపుచ్చలేను. నీటిలో తేలే శరీరం మీద పడే బరువు వేరు, కాల్షియం నీటినుంచే దొరుకుతుంది అని సర్దిచెప్పుకోవచ్చు. అయితే ఉపరితలం మీది కణాలకు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ తెలివి ఉందని కూడా ఇది సూచిస్తోంది.

రెండో అభ్యంతరం, కరిగించేవీ కట్టేవీ ఆస్టియోసైట్ ప్రమేయం లేకుండా నేరుగా కూడా మాట్లాడుకుంటాయి. ఎముక కరిగినప్పుడు అందులో దాగిన టీజీఎఫ్-బీటా అనే సంకేతపు ప్రోటీను విడుదలై ఆస్టియోబ్లాస్టు పూర్వ కణాలను పిలుస్తుంది. కెథెప్సిన్-కెను ఆపే ఒడానాకాటిబ్ అనే మందుతో, కరగడం తగ్గినా కట్టడం పెద్దగా పడిపోకపోవడానికి ఆస్టియోక్లాస్టులు బతికి ఉండి సంకేతాలు ఇస్తూ ఉండటమే కారణమని వివరించారు. పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలడంతో 2016లో ఆ మందును వదిలేశారు.

మందుల దగ్గర పట్టిక చేసే చెరుపు

"కూల్చేదాన్ని ఆపితే చాలు" అనుకునేవాళ్ళు దెబ్బతినేది డెనోసుమాబ్ అనే ఎముకగుల్ల మందు దగ్గర. ఆరు నెలలకోసారి 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, ర్యాంక్‌ఎల్‌ను పట్టేస్తుంది. సాంద్రత బాగా పెరుగుతుంది. స్కాను బాగుందని మందు ఆపేస్తారు, లేదా తర్వాతి డోసు నెలల తరబడి ఆలస్యం చేస్తారు. అప్పుడు కరగడం మామూలు స్థాయిని దాటి ఎగబాకుతుంది, కొందరిలో ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు నలిగిపోతాయి. మందు ఉన్నంతకాలం సంకేతం లేక ఆగిపోయిన కణాలు సిద్ధంగా ఉంటాయి మరి. ఆస్టియోక్లాస్టులు చావకుండా చిన్న కణాలుగా విడిపోయి, ర్యాంక్‌ఎల్ తిరిగి అందగానే మళ్ళీ కలవగలవని 2021లో ఎలుకల్లో చూశారు. అందుకే దీన్ని ఊరికే ఆపకూడదు, ఆపాల్సివస్తే కరగడాన్ని తగ్గించే ఇంకో రకం మందు, బిస్ఫాస్ఫోనేట్ మీదకి మార్చాలి.

బిస్ఫాస్ఫోనేట్ ఖనిజానికి అంటుకుని ఏళ్ళ తరబడి ఉంటుంది. అది దాని బలం, చిక్కు కూడా. ఎముకలో సన్న పగులు వచ్చినచోట ఆస్టియోసైట్లు చనిపోతాయి, చుట్టుపక్కలవి ర్యాంక్‌ఎల్ పెంచి అక్కడికి ఆస్టియోక్లాస్టులను రప్పిస్తాయి. పగులు తవ్వి తీసేసి కొత్త ఎముక నింపడం అలా మొదలవుతుంది. చాలా ఏళ్ళు ఆపకుండా వాడినవాళ్ళలో అరుదుగా తొడ ఎముక అడ్డంగా విరగడానికి, ఈ మరమ్మతు జరగకపోవడం ఒక కారణమని భావిస్తున్నారు. వాడుతున్నవాళ్ళకి తొడలో గానీ గజ్జల్లో గానీ కొత్తగా నొప్పి మొదలైతే రెండు తొడలకూ ఎక్స్‌రే తీయాల్సింది ఇందుకే. విరిగే ముందు వారాల తరబడి నొప్పి ఉండటం మామూలు.

స్క్లెరోస్టిన్‌ను పట్టే రోమోసోజుమాబ్ అనే మందు 2019లో వచ్చింది. దాని మూలం ఒక అరుదైన జబ్బు: స్క్లెరోస్టిన్ లేకుండా పుట్టేవాళ్ళ ఎముకలు విపరీతంగా మందంగా ఉంటాయి, తేలిగ్గా విరగవు. ఆ జన్యువును 2001లో గుర్తించారు. నెలకోసారి 210 మిల్లీగ్రాములు, 12 నెలలు మించి ఇవ్వరు, ఎందుకంటే కొత్త ఎముక వేయడంలో వచ్చే ఊపు కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. ఆపాక కరగడాన్ని తగ్గించే మందు ఇవ్వకపోతే వచ్చింది నిలవదు. గత ఏడాదిలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్ళకి ఇవ్వకూడదు.

ఇంతా చెప్పాక మిగిలే చిక్కు కొలతది. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళలో ఆస్టియోబ్లాస్టులు, ఆస్టియోసైట్లు రెండూ చనిపోతాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే, సాంద్రత పెద్దగా తగ్గకముందే ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాను ఖనిజాన్ని కొలుస్తుంది, గుంతలో కణం బతికుందో లేదో దానికి తెలియదు. రక్తంలో స్క్లెరోస్టిన్ కొలిచి ఆ లోటు పూడుద్దామంటే అదీ నమ్మకంగా కుదరదు. ఎముక ఎక్కువగా ఉన్నవాళ్ళలో దాన్ని తయారుచేసే కణాలూ ఎక్కువే కాబట్టి విలువ ఎక్కువగా రావచ్చు, మూత్రపిండాలు పాడైనవాళ్ళలోనూ పెరుగుతుంది. ఆస్టియోసైట్ నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను మాత్రం ఫాస్ఫేట్ తగ్గిపోయే జబ్బుల్లో కొలుస్తున్నారు. దాన్ని అడ్డుకునే బురోసుమాబ్ అనే మందు 2018 నుంచి వాడుకలో ఉంది. స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్ళకి మాత్రం ఇప్పటికి మోతాదు, వయసు, పాత విరుగుళ్ళు చూసి ముప్పు అంచనా వేయాలి తప్ప, స్కాను బాగుందని చూసి ధైర్యం చెప్పకూడదు.